కొత్త రాజధాని, చద్దన్నం రుచి

రాయపూర్ రుచులన్నీ దాని పాత పేటల్లోనే ఉన్నాయి. గీత గీసి కట్టిన నయా రాయపూర్‌కు ఆ రుచి అబ్బుతుందా?

సాయంత్రమైతే మహానది భవన్ ఖాళీ అవుతుంది. ఛత్తీస్‌గఢ్ సచివాలయంలో పనిచేసేవారిలో చాలామంది బస్సులెక్కి 20 కిలోమీటర్ల దూరంలోని పాత రాయపూర్‌కు వెళ్లిపోతారు. నయా రాయపూర్‌లో మిగిలేవి విశాలమైన రోడ్లు, వరుస తప్పని వీధి దీపాలు, నిశ్శబ్దం. అదే సమయంలో పాత నగరంలోని తేలీబాంధా చెరువు గట్టున నిలబడడానికి చోటు దొరకదు. పానీపూరీని ఇక్కడ గుప్‌చుప్ అంటారు. నోరు తెరిస్తే పొలమారే ఆ తిండికి అంతకన్నా మంచి పేరు ఉండదేమో.

ఒకటి ఆఫీసుల నగరం. మరొకటి ఇళ్లు, వంటిళ్ల నగరం. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని కాగానే, ఇరుకు సందుల పాత ఊరు ఆ బరువు మోయలేదని పాలకులు భావించారు. 41 గ్రామాల పరిధిలో కొత్త రాజధానికి రూపకల్పన జరిగింది. 2012 నవంబర్‌లో సచివాలయం అక్కడికి తరలింది. 2018లో వాజ్‌పేయి మరణానంతరం దానికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. 2025 నవంబర్ 1న శాసనసభకు కొత్త భవనం వచ్చింది. రోడ్డు, భవనం, క్రికెట్ స్టేడియం, జంతువుల సఫారీ అన్నీ ఉన్నాయి. పొద్దు వాలాక కాళ్లు వాటంతటవే వెళ్లే వీధి మూల ఒక్కటే ఇంకా తయారవుతోంది.

అలాంటి మూలలు పాత రాయపూర్‌లో అడుగడుగునా కనిపిస్తాయి. ఉదయాన్నే కూడళ్లలో పోహా బండ్లు తెరుచుకుంటాయి. ఆవిరి మీద ఉడికిన అటుకుల పైన సన్న కారప్పూస, ఉల్లిముక్కలు చల్లి, పక్కన వేడి జిలేబీ పెడతారు. కారం, తీపి ఒకే కాగితం ముక్కలో ఒదిగిపోతాయి. పక్క బండి మీద ఇడ్లీ, దోసె దొరికితే తెలుగువారు ఆశ్చర్యపోనక్కర్లేదు. 1931లో పూర్తయిన రైలు మార్గం రాయపూర్‌ను విజయనగరంతో కలిపింది. రైల్వే, ఉక్కు, నిర్మాణ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవారు రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో తరాలుగా స్థిరపడ్డారు.

నగరపు అసలు నాడి దొరికేది పురానీ బస్తీలో. మహామాయ గుడి, దూధాధారి మఠం, వాటి చుట్టూ ఇరుకు వీధులు, వీధికో చెరువు జ్ఞాపకం. అక్కడికి దగ్గర్లోని బూఢాపారాలోనే నరేంద్రనాథ్ దత్తా అనే బాలుడు 1877 నుంచి కొంతకాలం గడిపాడు. తర్వాత వివేకానందుడైన ఆ బాలుడి పేరే బూఢా తాలాబ్‌కు పెట్టారు. జనం మాత్రం పాత పేరుతోనే పిలుస్తారు. పేర్ల విషయంలో రాయపూర్‌ది మొదటి నుంచీ ఇదే తీరు. నయా రాయపూర్‌ను అటల్ నగర్ అనడానికీ నాలుకలు అంత తొందరపడడం లేదు.

గోల్ బజార్ దాటి శాస్త్రీ బజార్‌లోకి వెళితే ఈ నేల భోజనం ఆకుకూరలతో మొదలవుతుందని తెలుస్తుంది. ఇక్కడ ఆకుకూర ఏదైనా భాజీయే. లాల్ భాజీ ఎర్ర తోటకూర. అమారీ భాజీ అంటే మరేదో కాదు, గోంగూర జాతిదే. వానలు పడగానే బయళ్లలో తనంతట తాను మొలిచే చరోటా మనవైపు తగిరిస. ఎండాకాలంలో కొద్ది వారాలే దొరికే బోహార్ చిగుళ్లు చాలా ఖరీదు. బుట్టలతో వచ్చే మహిళలు వీటిలో చాలావాటిని పెరళ్ల నుంచి, పొలం గట్ల నుంచి కోసుకొస్తారు. అందువల్ల బజారులో ఏ కూర కనిపించిందన్నది ఊరి చుట్టూ ఏ నేల మిగిలిందన్నదానికి లెక్క కూడా.

వంటిళ్లకే పరిమితమైన పిండివంటలను బజారుకు తెచ్చిన చోటు గఢ్ కలేవా. కలేవా అంటే ఫలహారం. 1875లో మొదలై, దేశంలోని పాత మ్యూజియంలలో ఒకటిగా పేరున్న మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం ఆవరణలో 2016 జనవరిలో దాన్ని తెరిచారు. వంట, వడ్డన బాధ్యత మహిళా స్వయం సహాయక బృందానికి అప్పగించారు. బియ్యప్పిండితో అట్టులా పోసే చీలా, పిండిలో అన్నం కలిపి ఆవిరికి ఉడికించే ఫరా, బియ్యప్పిండి పూరీ అయిన చౌసేలా, ఆకుల మధ్య పెట్టి నిప్పుల మీద కాల్చే అంగాకర్ రొట్టె అక్కడి ఆకర్షణలు. ఠేఠరీ, ఖుర్మీ లాంటివి పండగకు పుట్టింటికి వెళ్లిన ఆడపిల్లలు మూటగట్టుకుని తెచ్చుకునేవి. బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి నూనెలో వేయించే అయిర్సాను నోట్లో వేసుకుంటే అరిసెతో చుట్టరికం వెంటనే తెలిసిపోతుంది.

ఇవన్నీ ఒక్క గింజ చుట్టూ తిరుగుతాయి. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా', అంటే ధాన్యపు గిన్నె అంటారు. అది ఉత్త బిరుదు కాదు. 1970లలో రాయపూర్ కేంద్రంగా శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిచ్ఛారియా 17 వేలకు పైగా వరి నమూనాలు సేకరించారు. నగరంలోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం దగ్గర ఇప్పుడు 23 వేలకు పైగా ఉన్నాయి. 2002లో ఈ విశ్వవిద్యాలయంతో బహుళజాతి సంస్థ సింజెంటా పరిశోధన ఒప్పందానికి సిద్ధపడినప్పుడు, తరతరాల విత్తనాలు చేయి దాటిపోతాయని రైతు సంఘాలు వీధికెక్కాయి. ఆ ఏడాది చివరికి సంస్థ వెనక్కి తగ్గింది. విత్తనం కోసం ఊరేగింపు తీసిన నగరాలు దేశంలో ఎన్నో లేవు.

ఆ బియ్యానికి అత్యంత నిరాడంబరమైన రూపం బాసీ. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరప, భాజీ నంజుకుని తింటారు. పగలు వండి, చల్లార్చి, నీళ్లు పోసి తింటే అది బోరే. తెలుగు పల్లెల చద్దన్నానికి ఇది తోబుట్టువు. పొలానికి వెళ్లే రైతుకు ఎండదెబ్బ తగలకుండా కాపాడే ఆహారం. 2022 మే 1న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కార్మిక దినోత్సవాన బోరే బాసీ తినాలని పిలుపునిచ్చారు. అధికారులు గిన్నెలతో ఫొటోలకు పోజులిచ్చారు. నిన్నటిదాకా పేదల కూడుగా చూసినదానికి ఒక్కసారిగా హోదా వచ్చింది. 2023 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వం పోయింది. బాసీకి మాత్రం ఎన్నికలతో పనిలేదు, పొలం గట్టున దాని పని అది చేసుకుపోతోంది.

అసలు చిక్కు ఆ పొలం గట్టు దగ్గరే ఉంది. నయా రాయపూర్ లేచింది ఖాళీ బయలులో కాదు, వరి పండే పల్లెల మధ్య. రాఖీ, ఉపర్వారా, కయాబాంధా లాంటి పేర్లు నేటికీ సెక్టార్ నంబర్ల చాటున వినిపిస్తాయి. భూములిచ్చిన రైతులు పరిహారం, పునరావాసం, ఉపాధి హామీల అమలు కోరుతూ 2022 జనవరిలో కొత్త రాజధానిలోనే బైఠాయించి నెలల తరబడి ఆందోళన సాగించారు. బాసీకి ప్రభుత్వ గౌరవం దక్కింది కూడా ఆ ఏడాదే. గిన్నెలోని అన్నానికి దండ వేస్తూ, దాన్ని పండించిన చేతుల్ని గుడారాల్లో కూర్చోబెట్టిన వైరుధ్యం ఎవరి కంటా పడకుండా పోలేదు.

కొత్త నగరానికి జ్ఞాపకం కల్పించే ప్రయత్నం జరగలేదని కాదు. ఉపర్వారాలో 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన పుర్‌ఖౌతీ ముక్తాంగన్‌లో బస్తర్ ఇళ్లు, గిరిజన నృత్య భంగిమలు, జానపద శిల్పాలు కొలువుదీరాయి. పుర్ఖా అంటే పూర్వీకుడు. పెద్దల మాట చద్దన్నం మూట అన్న తెలుగు సామెతకు ఇక్కడ అచ్చమైన అర్థం దొరుకుతుంది. కానీ అక్కడున్నవి చూడడానికి. వాటిలోకి నడిచివెళ్లి రోజూ ఫలహారం చేసేవారు ఉంటేనే అది పేట అవుతుంది.

మార్పు సూచనలు లేకపోలేదు. గృహ నిర్మాణ మండలి ఇళ్లు కట్టిన సెక్టార్లలో దీపాలు వెలుగుతున్నాయి. ఐఐఎం, ట్రిపుల్ ఐటీ, న్యాయ విశ్వవిద్యాలయాల వల్ల రాత్రి పూట ఆకలేసే యువతరం వచ్చి చేరింది. 2025 మార్చి 30న రాయపూర్ నుంచి కొత్త రాజధాని మీదుగా అభన్‌పూర్‌కు మెమూ రైలు మొదలైంది. బుట్ట నెత్తిన పెట్టుకున్న మహిళ ఎక్కగలిగిన రైలు ఒక్కటి, పది అందాల కూడళ్ల కన్నా నగరానికి ఎక్కువ మేలు చేస్తుంది.

రాయపూర్ పేటలు చెప్పే పాఠం కూడా అదే. తేలీబాంధా గట్టునో గోల్ బజార్ సందునో ఎవరూ గీత గీసి రుచి పుట్టించలేదు. బండి పెట్టుకోవడానికి నాలుగడుగుల చోటు, కూర పండడానికి కొంత నేల, తినడానికి తీరిక ఉన్న జనం చాలు, మిగతాది కాలం చూసుకుంది. నయా రాయపూర్‌లో చోటుకు కొదవలేదు. ఆ నాలుగడుగులు ముందుగా ఆ పల్లెల వారికే దక్కితే, ఏదో ఒక సాయంత్రం బస్సు ఎక్కకుండా ఆగిపోయే ఉద్యోగి కనిపిస్తాడు. అతని చేతిలో ఫరా పొట్లం ఉంటే, రాజధాని ఊరైనట్టే.