కాగితాలలో పనికిరాని భూమి

సోంపేట పేరు వినగానే మన సంఘాలలోని పెద్దలకు కెనడా బాప్తిస్టు మిషనువారి కంటి ఆసుపత్రి జ్ఞాపకం వస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరి దగ్గరనే బీల అనే పల్లపు నేల ఉన్నది. వాన నీరు అక్కడ చేరి నిలుస్తుంది. ఆ నీటితో రైతులు వరి పండిస్తారు, మత్స్యకారులు వల వేస్తారు, పశువులు మేస్తాయి. అయితే ప్రభుత్వ కాగితాలలో అది పనికిరాని భూమి! 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి దానిని కేటాయించారు.

కరెంటు మనకూ కావలసినదే. కాని ఈ నీరు పోతే ఏమి తిని బ్రతకాలన్నదే అక్కడివారి ప్రశ్న. రైతులు, మత్స్యకారులు, స్థానిక వైద్యుడొకరు పర్యావరణ పరిరక్షణ సంఘంగా కూడారు. నెలల తరబడి రిలే నిరాహారదీక్షలు చేశారు. అంతటితో ఊరుకోక, అది చిత్తడి నేల అని చూపుతూ జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ వరకు వెళ్లారు. నాకు ఈ రెండవ పనే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. దీక్షా శిబిరాన్ని చెదరగొట్టవచ్చును గాని, నీరు నిండిన బీలను ఎవరు దాచగలరు?

2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే రోజున అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. ఆ కబురు వినడానికి వారిద్దరూ లేరు.

సోంపేటవారు పోరాడినది చేపల కోసం, వరి కోసం. అయినను భూమిని వేడెక్కించే వాయువును అన్ని ఇంధనాలకంటె ఎక్కువగా వదిలేది బొగ్గే. ఆ కేంద్రం బీలలో కట్టబడలేదు.