అటక మీది చరిత్రకు అరచేతిలో టముకు

పైసా ఖర్చు లేకుండా ఊరి పాత కాగితాలను పదిమందికి చూపే మార్గం

వేటపాలెం: ఒకప్పుడు ఊళ్ళో ఏ కబురు తెలియాలన్నా టముకు వేసేవారు. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోను చేస్తున్నది. శుభలేఖ మొదలు చావు కబురు దాకా, పంట ధర మొదలు కరెంటు కోత దాకా అన్నీ వాట్సాప్‌లోనే. కానీ ఊరి చరిత్ర మాత్రం ఇంకా ఆ టముకుకు ఎక్కలేదు. అది అటకల మీద, ట్రంకుపెట్టెల్లో, గ్రంథాలయం బీరువాల్లో మూలుగుతున్నది. కొంత చెదలు తింటున్నాయి. కొంత తూకానికి పోతున్నది.

ఊరివాళ్ళు తలచుకుంటే కాగితాన్ని ఎంతకాలం బతికించగలరో చెప్పడానికి బాపట్ల జిల్లా వేటపాలెంలోని సారస్వత నికేతనమే సాక్ష్యం. 1918లో ఊరి యువకుల చొరవతో మొదలైన గ్రంథాలయమది. 1929లో మహాత్మా గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. నూరేళ్ళు దాటినా అక్కడి పాత పత్రికల కోసం పరిశోధకులు దూరాభారం లెక్కచేయక వస్తుంటారు. ఏ సర్కారు ఉత్తర్వు వల్లనో అది పుట్టలేదు. పాత పేపరును పొట్లాలకు పంపకుండా దాచాలన్న పట్టుదల వల్ల నిలిచింది.

అయితే ప్రతి ఊరికీ అంత పేరున్న గ్రంథాలయం ఉండదు. చేనేత సంఘం గదిలో నాలుగు లెడ్జర్లు, బడి బీరువాలో హాజరు పట్టీలు, గుడిలో ఉత్సవాల కరపత్రాలు, చర్చిలో పెళ్ళిళ్ళ రిజిస్టరు, ఎవరింట్లోనో 1977 నవంబరు ఉప్పెన నాటి ఫోటోలు. ఊరికి ఉన్న ఆస్తి ఇంతే. ఇవి ఉన్నట్టు పక్క వీధివాళ్ళకే తెలియదు. తెలియని దాన్ని ఎవరూ కాపాడరు.

పడవ పోయి ఫోను వచ్చె

జనం గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే జనం దగ్గరకు పోవాలన్నది ఈ ప్రాంతానికి కొత్త మాట కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పటి నుంచి ఊరూరా ఉద్యమకారులు చేసింది అదే. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపారు. రేవులో పడవ ఆగితే పుస్తకం ఇంటికి వచ్చేది.

నేటి కాలువ సెల్‌ఫోను. 2016 తరువాత ఇంటర్నెట్టు చవకై పల్లెల్లోకి వచ్చింది. కూలికి పోయే వారి చేతిలోనూ కెమెరా ఫోను ఉంటున్నది. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లకు రుసుము లేదు. ఎలాగూ వేసుకునే రీఛార్జితోనే పని జరుగుతుంది. కావలసినవి ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు, ఒక నోటుపుస్తకం.

ఒక ఫోటో, ఒక ప్రశ్న

ఉన్నవన్నీ ఒక్కరోజే ఫోన్లో కుమ్మరిస్తే ఎవరూ చూడరు. వారానికి ఒకటి చాలు. సంత రోజో, ఆదివారమో ఒక రోజు పెట్టుకుని తప్పకుండా పంపితే జనం ఎదురుచూస్తారు. ఏడాదికి యాభై రెండు అవుతాయి.

ఫోటోతోపాటు ప్రశ్న వేయడం ముఖ్యం. 'మా గ్రంథాలయాన్ని ఆదరించండి' అని రాస్తే చేతులు జోడించిన బొమ్మలు నాలుగు వస్తాయి, అంతే. అదే 'ఈ బడి ఫోటోలో నిలబడిన వరుసలో కుడి నుంచి మూడో అమ్మాయి ఎవరు?' అని అడిగితే ఇల్లిల్లూ కదులుతుంది. మనుమడు ఫోను తీసుకెళ్ళి నాయనమ్మకు చూపుతాడు. ఆమె అద్దాలు సవరించుకుని పేర్లు చెబుతుంది. ఆ పేర్లు ఏ బీరువాలోనూ ఉండవు. ఆమెతోపాటే పోయేవి.

వచ్చిన జవాబును ఫోన్లోనే వదిలేయకూడదు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీన చెప్పారు అని నోటుపుస్తకంలో ఎక్కించాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. గట్టిగా వాదించినవారి మాటే నిజమనుకోరాదు.

ఏది ఎందుకు?

ఊళ్ళో ఉన్నవారికి వాట్సాప్ అనువైనది. గ్రూపులో 1024 మంది దాకా చేరవచ్చు. కానీ అందరూ రాసే వీలుంటే శుభోదయాలు, పార్టీ తగాదాలు వచ్చి పడి పాత ఫోటో అడుగున పడిపోతుంది. నిర్వాహకులే పంపేట్లు పెట్టుకుని, జవాబులకు వేరే నంబరు ఇస్తే గొడవ లేదు. గ్రూపులో చేరితే తమ నంబరు అందరికీ తెలిసిపోతుందని ఆడవారు వెనుకాడుతుంటారు. 2023లో వచ్చిన వాట్సాప్ ఛానెల్‌లో ఆ బెడద లేదు. చేరిన వారి నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. స్టేటస్‌లో పెట్టింది మాత్రం ఇరవై నాలుగు గంటల్లో మాయమవుతుంది.

హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న ఊరి బిడ్డలకు ఫేస్‌బుక్ పేజీ అందుతుంది. అక్కడ ఊరి పేరు తెలుగుతోపాటు ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాస్తే వెతికినవారికి దొరుకుతుంది. పెద్దవారి మాటలకు యూట్యూబ్. రెండు మూడు నిమిషాలు చాలు. తీసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోను అడ్డంగా పట్టుకుంటే మాట, మనిషి తేటగా వస్తాయి.

ఫోటోను జనం అటూ ఇటూ పంపుకొనేటప్పుడు కింద రాసిన వివరం ఊడిపోవడం మామూలే. అందుకని గ్రంథాలయం పేరు, ఊరు, సంవత్సరం ఫోటో అంచున చిన్న అక్షరాల్లో వేయాలి. జిల్లా పేరు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఇదే వేటపాలెం 1970 దాకా గుంటూరు జిల్లాలో, తరువాత ప్రకాశంలో, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. మండలాలు 1985లో వచ్చాయి. కాగితం మీద ఉన్న పేరును మార్చకుండా, నేటి పేరు పక్కన రాయాలి.

ఫోను బీరువా కాదు

ఫేస్‌బుక్‌లో పెట్టాం కనుక భద్రమే అనుకుంటే దెబ్బతిన్నట్టే. వాట్సాప్ పంపే ఫోటో నాణ్యత తగ్గుతుంది. ఎవరైనా ఫోటో పంపుతామంటే డాక్యుమెంటుగా పంపమనాలి. తీసిన ఫోటోలు ఒక కంప్యూటర్లో, ఒక హార్డ్ డిస్కులో, వేరే ఇంట్లో మరొకదానిలో, ఇలా మూడు చోట్ల ఉండాలి. అసలు కాగితం ఎన్నటికీ పారవేయరాదు.

ఫోటో తీయడానికి స్టూడియో అక్కరలేదు. కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట కాగితాన్ని పరచి, ఫ్లాష్ లేకుండా, ఫోను పైనుంచి సమంగా పట్టుకోవాలి. చిరిగిన చోట టేపు అంటించరాదు. కొన్నేళ్ళకు దాని జిగురే కాగితాన్ని పాడుచేస్తుంది. లామినేషనూ అంతే. ఇంటివారు తెచ్చిన ఫోటోకు రసీదు రాసిచ్చి, నకలు తీసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తే రెండోసారి మరొకటి తెస్తారు.

చాలాచోట్ల వచ్చే చిక్కు మరొకటుంది. పేజీ పెట్టిన కుర్రవాడు ఉద్యోగం వచ్చి పట్నం పోతాడు. పాస్‌వర్డు అతనితోనే పోతుంది. పేజీ పాడుబడిన సత్రంలా మిగులుతుంది. ముగ్గురిని నిర్వాహకులుగా పెట్టి, పాస్‌వర్డు కవరులో పెట్టి సీలువేసి బీరువాలో ఉంచితే ఈ తిప్పలు ఉండవు.

ఇవి పెట్టరాదు

పాత కాగితమల్లా బజారున పెట్టదగింది కాదు. ప్రామిసరీ నోట్లు, భూమి తగాదాలు, ఆధార్ నంబర్లు, ఒకరి కులాన్ని కించపరిచే రాతలు జనంలోకి వెళితే ఆరిన నిప్పు రాజుకుంటుంది. బతికున్నవారి ఫోటోకు వారి అనుమతి, పోయినవారి ఫోటోకు ఇంటివారి అనుమతి అడగడం మర్యాద. ఎవరైనా తీసివేయమంటే వెంటనే తీసివేయాలి.

పుస్తకాలకు చట్టమూ ఉంది. రచయిత కాలం చేసిన తరువాత 60 ఏళ్ళ దాకా హక్కు వారసులది. ఇప్పటి చట్టం ప్రకారం ఫోటోకూ తీసినవారు కాలం చేసిన తరువాత 60 ఏళ్ళు. ఆ గడువు దాటని పుస్తకానికి అట్ట చూపి, 'మా దగ్గర ఉంది, వచ్చి చదువుకోండి' అని చెప్పడం మేలు. గ్రంథాలయానికి కావలసిందీ అదే.

లెక్క ఏది?

ఎన్ని లైకులు వచ్చాయన్నది లెక్క కాదు. ఈ నెలలో ఎందరు తలుపు తీసుకుని లోపలికి వచ్చారు? ఎన్ని ముఖాలకు పేర్లు దొరికాయి? ఎన్ని ఇళ్ళలో ట్రంకుపెట్టె మూత లేచింది? నెలాఖరున ఈ మూడు అంకెలు నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. లక్షమంది చూసినా ఒక్క పెట్టె తెరుచుకోకపోతే అది ఉత్త టముకే. యాభైమంది చూసి ఒక ముసలమ్మ తన పెళ్ళినాటి ఫోటో పట్టుకుని వస్తే గ్రంథాలయం బతికినట్టే.

ఏటా సంక్రాంతికి ఇళ్ళు దులుపుతారు. పనికిరావని తీసిపడేసిన కాగితాలు భోగిమంటలోకి పోతాయి. ఆ మంటలో తాతగారి నేత కూలి పుస్తకం ఉండవచ్చు, ఊరి తొలి నాటకం కరపత్రం ఉండవచ్చు. మంటలో వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. అర్థం కాకపోతే ఫోటో తీసి ఊరి గ్రూపులో 'ఇదేమిటి?' అని అడగండి. చెప్పగలిగినవారు ఇంకా ఊళ్ళో ఉన్నారు. ఎల్లకాలం ఉండరు.