వాము విలువ రంగులో లేదు, తైలంలో ఉన్నది

పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు వర్తకులకు ప్రధాన సరుకు పత్తి, వేరుశనగ. అయితే కర్నూలు జిల్లా నల్లరేగడిలో వర్షాధారంగా పండే వాముకు దూరప్రాంతాలలో సైతం గిరాకీ ఉన్నది. ఈ సరుకు అసలు విలువ గింజలోని తైలానిదే.

వాము జన్మస్థానం ఈజిప్టు, తూర్పు మధ్యధరా ప్రాంతమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సంస్కృతంలో దీనికి యవాని అని పేరు. అజీర్ణం, కడుపుబ్బరం, చంటిపిల్లల కడుపునొప్పికి ఓమవాటరు, జలుబుకు వేడిచేసిన వాము మూట, బాలింతకు వాము కషాయం తెలుగు ఇళ్లలో తరతరాలుగా వస్తున్న వాడుక. వాము పువ్వు, కర్పూరం, పిప్పరమెంటు పువ్వు కలిపితే మూడూ కరిగి ద్రవమవుతాయి. అమృతధార పేరిట అమ్మే మందు ఇదే.

నలగగొట్టిన వామును ఆవిరితో బట్టీ పడితే క్వింటాలుకు సాధారణంగా 2 నుంచి 4 కిలోల తైలం దిగుతుంది. అందులో దాదాపు సగం థైమాల్. తైలాన్ని చల్లబరిస్తే స్ఫటికాలుగా విడివడే ఈ పదార్థమే వాము పువ్వు. ఇది సూక్ష్మక్రిములను చంపుతుంది. 1909 తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాలలో కొంకిపురుగు నివారణకు దీనినే వాడారు. మోతాదు మించితే ప్రమాదకరం గనుక తైలాన్ని నేరుగా సేవించరాదు.

1914కు పూర్వం భారతదేశపు వాము ఎక్కువగా జర్మనీకి ఎగుమతి అయ్యేది, థైమాల్ అక్కడ తయారయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ ఎగుమతి నిలిచిపోగా తయారీ ఇక్కడే మొదలైంది. తదుపరి కృత్రిమ థైమాల్ చౌకగా రావడంతో ఈ పరిశ్రమ దెబ్బతిన్నది. ఒకే కొనుగోలుదారును, ఒకే వినియోగాన్ని నమ్ముకున్న సరుకుకు ఎదురయ్యే చిక్కు ఇది. మసాలా, గృహవైద్య వాడకమే వామును నిలబెట్టింది.

రంగు, శుభ్రత చూసి ధర కట్టడం వర్తకులకు అలవాటు. కాని తైలం 2 శాతం ఉన్న సరుకుకూ, 4 శాతం ఉన్న సరుకుకూ బట్టీదారు దృష్టిలో రెట్టింపు తేడా. తైలం తీసేసిన గింజ ఎండిన తర్వాత చూపుకు మంచి వామును పోలి ఉంటుంది. దానిని కలిపితే కంటితో పట్టడం కష్టం. అరచేతిలో నలిపితే ఘాటు లేకపోవడమే మొదటి ఆనవాలు. తైలం ఆవిరయ్యే స్వభావం కలది గనుక తీవ్రమైన ఎండ, గోదాములో వేడి, దీర్ఘకాల నిల్వ విలువను హరిస్తాయి. పొడి చేసిన సరుకులో నష్టం మరీ త్వరితం. పెద్ద లాట్లకు కొనుగోలుకు ముందే తైల శాతం పరీక్ష చేయించుకోవడం ఉభయులకూ క్షేమం.