ఎండీఎస్: ర్యాంకు సరే.. బ్రాంచి ఏది?

బీడీఎస్ ఇంటర్న్‌షిప్ ముగుస్తోందంటే ఇంట్లో ఒకటే ప్రశ్న: 'క్లినిక్ పెడతావా, పీజీ చేస్తావా?' పీజీ అనుకుంటే నీట్-ఎండీఎస్ రాయాల్సిందే. 240 ప్రశ్నలు, 3 గంటలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పైతే 1 కోత. ప్రకటనలో ఇచ్చిన గడువులోగా ఇంటర్న్‌షిప్ పూర్తికాకపోతే అర్హత ఉండదు. ఆ తేదీ ముందే చూసుకోండి.

ప్రభుత్వ కళాశాలల్లో సగం సీట్లు ఆలిండియా కోటావి. వాటిని ఎంసీసీ భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటా కౌన్సెలింగ్‌ను తెలంగాణలో కాళోజీ, ఏపీలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు నిర్వహిస్తాయి.

అసలు చిక్కంతా వెబ్ ఆప్షన్ల దగ్గరే. కాలేజీ పేరు చూసి నచ్చని బ్రాంచిలో చేరితే మూడేళ్లూ బరువే. ఓరల్ సర్జరీ అంటే ఆపరేషన్ థియేటర్, అర్ధరాత్రి ప్రమాద కేసులు. ఓరల్ పాథాలజీలో మైక్రోస్కోపే లోకం. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో ఊళ్లలో శిబిరాలు, సర్వేలు. ఆర్థోడాంటిక్స్‌లో ఒక్కో కేసు పూర్తవ్వడానికి ఏడాదికి పైనే పట్టొచ్చు. ఏ బ్రాంచైనా థీసిస్ తప్పదు.

అందుకే ఆప్షన్లు పెట్టేముందు ఆ విభాగంలోని పీజీలను కలవండి. 'సొంతంగా ఎన్ని కేసులు చేశారు? స్టైపెండ్ టైముకి వస్తుందా?' అని మొహమాటం లేకుండా అడగండి. తర్వాత సీటు వదులుకుంటే డిపాజిట్ పోవచ్చు, ఏడాదీ పోవచ్చు. ఇప్పుడు అడిగితే పోయేదేం లేదు!