అమ్మ ముగ్గుకు వెండి తీగ

'పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చేవరకు.'

ధనుర్మాసం వచ్చిందంటే ఆడవాళ్ల పేజీల్లో ముగ్గు కింద ఈ ఒక్క ముక్కే ఉండేది. దాన్ని చూసి మనం వాకిట్లో పెట్టే చుక్కలు ఎన్నో ఎప్పుడైనా లెక్కపెట్టారా? అక్షరాలా 169! ఒక్క వాక్యంతో అన్ని చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పేస్తున్నాం కదా, దీన్నే కంప్యూటరు వాళ్లు ప్రోగ్రాం అంటారట.

ఈ సంగతి నాకు చెప్పింది మా అన్నయ్య కూతురు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న సంక్రాంతికి కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. అమ్మ పుట్టిల్లు నిర్మల్. వయసు 79. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. పిండి పట్టుకుంటే గీత గీతలా పడదు. అందుకే పొద్దున్నే గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, నేను వేస్తుంటే "ఆ మూలకు తప్పింది" అంటుంది. ఆ మాట వెనక ఎంత దిగులుందో నాకు తెలుసు.

అమ్మ పెట్టెలో ఒక పాత నోటుబుక్కుంది. పెళ్లయినప్పటి నుంచి రాసుకున్న ముగ్గులన్నీ అందులోనే. కొన్నిచోట్ల బొమ్మ కూడా ఉండదు, చుక్కల లెక్క ఒక్కటే. పిల్ల దాన్ని ముందేసుకుని ఒక పూటంతా లాప్‌టాప్‌లో ఏదో టైపు చేసింది. తర్వాత ఒక మీట నొక్కగానే తెర మీద మెలికల ముగ్గులు వరసకట్టి పడ్డాయి. ఒకదాని పోలిక ఇంకోదానికి లేదు. నిమిషంలో నాలుగు వందలు!

నేను నోరు వెళ్లబెట్టాను. అమ్మ మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, "నాలుగొందలు గీసింది సరే గని, ఇయ్యాల మన వాకిట్ల ఏది వెయ్యాల్నో దానికేం ఎరుక బిడ్డా?" అంది. ఒక్కొక్కటే చూసి, మూడే మూడు ఏరింది. మిగతావి చూస్తే నాకూ అర్థమైంది. గీతలున్నాయి గాని, ముగ్గులో ఉండే కుదురు లేదు.

బొమ్మను గీయకుండా, బొమ్మ ఎలా పుట్టాలో నియమాన్ని మాత్రం రాసిపెట్టి, గీసే పని యంత్రానికి అప్పగించడాన్ని జనరేటివ్ ఆర్ట్ అంటారు. దీనికి ఆద్యుల్లో ఒక ఆడమనిషి ఉంది. పేరు వెరా మోల్నార్. 1924లో హంగేరీలో పుట్టి, పారిస్‌లో స్థిరపడింది. కంప్యూటరు చేతికి రాకముందే, 1959 నుంచి, నియమాలు పెట్టుకుని వాటి ప్రకారం చేత్తోనే గీసేది. 1968లో కంప్యూటరు దగ్గరికి వెళ్లి, దాని గీతల్ని ప్లాటరు పెన్నుతో కాగితం మీదికి తెచ్చింది. 2023 డిసెంబరులో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూసింది.

మన ముగ్గుల్ని కూడా కంప్యూటరు శాస్త్రం ఎప్పుడో పట్టించుకుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, ఆయన భార్య రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి, తమిళ ఆడవాళ్లు వేసే ముగ్గుల్లో ఉన్న వ్యాకరణం మీద 1974లోనే పరిశోధనా వ్యాసం రాశారు.

మీరూ ఒక తమాషా చేసి చూడండి. నిలువుగా 5, అడ్డంగా 4 చుక్కలు వరసగా పెట్టండి. చుక్కల మధ్యగా ఏటవాలుగా పోతూ, అంచు దగ్గర మలుపు తిరుగుతూ మెలిక వేయండి. పిండి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. అదే 6, 4 చుక్కలైతే రెండు గీతలు కావాలి. 5, 5 అయితే ఐదు. చిన్నప్పుడు బళ్లో చదివిన గరిష్ఠ సామాన్య భాజకం గుర్తుందా? అదే ఇది! మనకు లెక్కలు రావని ఎవరన్నారు?

సరే, తెర మీద ముగ్గు చూసి ఏం చేసుకుంటాం? అమ్మ ఏరిన వాటిలో ఒకదాన్ని చీర అంచుకు అచ్చు వేయిద్దామని ఒక డిజిటల్ ప్రింటింగ్ షాపుకు వెళ్లాం. అంచు బాగా వచ్చింది. ఇంకోదాన్ని కుంకుమ భరిణె మూత మీదికి వెండితో చేయిద్దామనుకున్నాం. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా! ఎలగందుల నుంచి వచ్చిన విద్య అది. వెండిని కమ్మచ్చులోంచి సన్నగా లాగి, రెండు తీగల్ని మెలిపెట్టి, చదును చేసి, లతలుగా వంచి, చట్రంలో నింపి టంకం పెడతారు.

పనాయన ప్రింటు చూసి తల అడ్డంగా ఊపాడు. "కాయితం మీద గీత మీదికెళ్లి గీత పోతదమ్మా. వెండి తీగ మీద తీగ పోతే ఎత్తు లేస్తది, మూత సరిగ కూసోదు. అడ్డమొచ్చిన కాడల్లా తీగ తెంపి, ఆనించి టంకం పెట్టాలె."

"ఒకే గీతగా ఉండాలన్నా, తెగితే ఎట్లా?" అన్నాను.

"తెగింది నాకొక్కనికే ఎరుకైతది తియ్" అని నవ్వాడు. యంత్రం చెప్పలేని మాట చేతిపనివాడు చెప్పాడనిపించింది.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చింది. ప్రింటింగ్ షాపాయన ఫోన్ చేసి, "ఆ ఫైలు నాకిచ్చెయ్యండి, నాలుగు చీరలకు వేసి అమ్ముకుంటా" అన్నాడు. మా పిల్ల, "పోనీలే అత్తా, గీసింది కంప్యూటరే కదా" అంది.

అమ్మ ఏమీ అనలేదు. నోటుబుక్కు తెమ్మని, ఆ ముగ్గున్న పేజీ తీసింది. మూలన పెన్సిలు రాత: 'ఎదురింటి పెద్దమ్మ నేర్పింది. 1968.' తిరగేస్తే ప్రతి ముగ్గు దగ్గరా అంతే. వదిన చెప్పింది, బాసరలో చూసింది, సొంతంగా కలిపింది.

"నేర్పినోళ్ల పేరు నేను ఇడిసిపెట్టలే బిడ్డా" అంది.

పిల్ల ముఖం చిన్నబోయింది. ఫైలు ఇవ్వలేదు. షాపాయనకు మళ్లీ ఫోన్ చేసి, ముగ్గు కింద మా నాయనమ్మ పేరు వేస్తేనే అని చెప్పింది. ఆయన ఇంకా జవాబివ్వలేదు. ఊరి కళకు సర్కారు ముద్ర ఉంది. ఇంటి ఆడవాళ్ల నోటుబుక్కుకు ముద్ర వేయాల్సింది మనమే కదా!

అందుకే ఒక్క మాట. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే, చెదలు పట్టకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ ముగ్గు ఎవరు నేర్పారో, ఏ సంవత్సరమో పెద్దవాళ్లను అడిగి పక్కనే రాయండి. పిల్లలు కంప్యూటరులోకి ఎక్కిస్తామంటే వద్దనకండి, ఆ పేర్లు కూడా ఎక్కించమనండి.

పోయిన వారం భరిణె వచ్చింది. అమ్మ ఒళ్లో పెట్టుకుని మూత మీద చూపుడువేలు ఆనించింది. వేలు వణుకుతూనే ఉంది. కానీ తీగ ఎత్తుగా ఉంది కదా, వేలు పక్కకు పోలేదు. మెలిక తర్వాత మెలిక తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది.

రెండేళ్ల తర్వాత అమ్మ ముగ్గు వేసింది.