పాత బండికి పుట్టు రంగు

చీరకు జాకెట్టు గుడ్డ కొనడానికి మ్యాచింగు సెంటరుకు వెళ్ళిన ఇల్లాలిని ఎప్పుడైనా గమనించారా? దుకాణదారు ట్యూబులైటు కింద నాలుగు తానులు విప్పి "అచ్చం ఇదే రంగమ్మా" అని ఎంత ప్రమాణం చేసినా ఆమె నమ్మదు. చీర కొంగూ, గుడ్డ ముక్కా రెండూ చేత పట్టుకొని గుమ్మం దిగి ఎండలోకి వస్తుంది. లోపల అక్కచెల్లెళ్ళలా కనబడిన రెండు రంగులూ బయటికి రాగానే ఎడమొహం పెడమొహం అవుతాయి. ఆమె పెదవి విరిచి మళ్ళీ లోపలికి వెడుతుంది. పాత మోటారు సైకిళ్ళకు తిరిగి రంగు వేయించే మగవారిలో చాలామందికి ఈపాటి జాగ్రత్త కూడా లేదంటే వారు నామీద కోప్పడరాదు.

పాత బళ్ళమీద మోజు ఇప్పుడు హైదరాబాదుకే పరిమితం కాదు. నిజామాబాదు నుంచి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మీద కోరుట్ల, జగిత్యాల పక్కపక్కనే ఉన్నాయి. దక్షిణాన మానేరు ఒడ్డున సిరిసిల్ల ఉన్నది. ఈ ప్రాంతం నుంచి గల్ఫు దేశాలకు పోయి కష్టపడుతున్నవారు వేలమంది. తండ్రి నడిపిన బుల్లెట్టో, జావాయో కొట్టంలో గడ్డిమోపుల వెనక పడి ఉంటుంది. సెలవుకు వచ్చిన కొడుకు కంట్లో అది పడుతుంది. చేతిలో నాలుగు డబ్బులున్నాయి, నెలరోజుల వ్యవధి ఉన్నది. బండిని ట్రాలీలో ఎక్కించి షెడ్డుకు తెస్తాడు.

"అన్నా, మా బాపు బండి. కొత్తదాని తీరు మెరవాలె."

"ఏ రంగు కొడ్దాం తమ్మీ?"

"మెరూను గొట్టు."

అంతటితో బేరం ముగుస్తుంది. సాయంత్రానికల్లా ఎమరీ కాగితంతో ట్యాంకు ఇనుము తేలేదాకా గీకేస్తారు. తరువాత డబ్బా తెచ్చి కొడతారు. అద్దంలా మెరుస్తుంది కూడాను. ఇంటికి తీసుకుపోతే ముసలితల్లి అటూ ఇటూ చూచి, "బండి మంచిగనే ఉన్నది గని, మీ బాపుది గిట్ల ఉండకపోవు బిడ్డా" అంటుంది. అప్పుడు చేసేదేమీ లేదు. సాక్ష్యం అంతా షెడ్డు నేలమీద దుమ్మైపోయింది.

మెరూను అన్నది రంగు పేరు కాదు, ఒక వంశం పేరు. రిజిస్ట్రేషను కాగితంలో రంగు అనే గడి ఒకటి ఉంటుంది. అందులో "మెరూన్" అనో "బ్లూ" అనో రాసి ఉంటుంది. బండి పుట్టినప్పుడు ఎర్రదా నల్లదా అనే తగవు అది తీర్చగలదు గాని, ఏ ఎరుపో చెప్పలేదు. ఐ.ఎస్. 5 అనే భారతీయ ప్రమాణపు పట్టికలో రంగులకు పేర్లూ అంకెలూ ఉన్నాయి. ఆలివు పచ్చకు 220 అని అంకె. పట్టాళం నుంచి వచ్చిన పాత బుల్లెట్టుకైతే అది అక్కరకు రావచ్చు. కాని మోటారు సైకిళ్ళ కంపెనీలు చాలావరకు తమ రంగులు తామే కలిపించుకొనేవి, మధ్యలో మార్చుకొనేవి కూడాను. మద్రాసు మోటార్సు వారు రాయల్ ఎన్‌ఫీల్డుతో కలిసి 1955లో మొదలుపెట్టిన తిరువొత్తియూరు బుల్లెట్లు ఒక పరంపర. మైసూరులో 1961 నుంచి జావా పేరుతోను, 1973 నుంచి యెజ్డీ పేరుతోను, 1996 దాకా తయారైనవి మరొకటి. మన కుర్రకారు ప్రాణం పెట్టే ఆర్.ఎక్స్. 100 వచ్చింది 1985లో, ఆగింది 1996లో. 2018లో జావా పేరు తిరిగి బజారుకు వచ్చింది; అందులోనూ మెరూను ఉన్నది. పేరు కలిసిందిగదా అని ఆ డబ్బా తెచ్చి 1965 నాటి బండికి కొట్టడం, ఇంటిపేరు ఒక్కటే గనక పెళ్ళికొడుకు వీడే అన్నట్టుంటుంది.

మరి పుట్టు రంగు ఎక్కడ దొరుకుతుంది? బండిమీదనే దొరుకుతుంది. ఎండ తగలని చోట వెతకాలి. ట్యాంకు విప్పి అడుగు చూడండి. సీటు కింద, పనిముట్ల పెట్టె మూత లోపల, ట్యాంకుకు బిగించిన కంపెనీ బిళ్ళ వెనక, మడ్‌గార్డు మీద క్లాంపు పట్టిన చోట చూడండి. నూనె జిడ్డు ఉంటే భయపడనక్కరలేదు. కిరసనాయిలుతో మెల్లగా తుడిస్తే కింద ఉన్న రంగు చాలాసార్లు క్షేమంగా ఉంటుంది. పైన ఎండకు కాగిన రంగులో, ముఖ్యంగా కొన్ని ఎరుపులలో, వర్ణద్రవ్యం చచ్చి సున్నం పూసినట్టు తెల్లబారుతుంది. దానిని చూచి రంగు కలిపించేవాడు, ముసలివాని ఫోటో చూపించి పడుచువాణ్ణి వెతికినట్టే.

ఆ దాగిన చోట ఒక చిన్న పరీక్ష చేయాలి. వేయి, రెండువేల నంబరు ఎమరీ కాగితాన్ని నీటిలో తడిపి, రూపాయి బిళ్ళంత మేర మెల్లగా రుద్దాలి. మధ్యలో ఎక్కువ, అంచులకు తక్కువ. ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు వలయాలుగా తేలుతాయి: పైన ఎవరో కొట్టించిన నలుపు, దానికింద నీలం, దానికింద మెరూను, ఆపైన ప్రైమరు, నట్టనడుమ ఇనుము. ప్రైమరుకు ఆనుకొని ఉన్నదే ఫ్యాక్టరీ రంగు కావడానికి అవకాశం ఎక్కువ. ఎక్కువ అన్నాను, తప్పదని అనలేదు. ఆ మడ్‌గార్డు మరో బండి నుంచి ఊడదీసి తగిలించినది కావచ్చు గదా! అంచేత మూడు చోట్లన్నా చూచి, మూడూ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

తెలుపు, క్రీము, దంతపు రంగుల విషయంలో మాత్రం ఇదంతా తలకిందులు. నూనె ఆధారంగా చేసిన పాత ఎనామిలు చీకట్లో పసుపుబారే గుణం కలది. టూల్‌బాక్సు మూత లోపలి క్రీమును చూచి రంగు కలిపిస్తే బండి పసుపు పూసినట్టు తయారవుతుంది. ఆ ముక్కను కొన్నాళ్ళు ఎండలో ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది. ఆ తరువాతే దానిని నమూనాగా పెట్టుకోవాలి. ఎండ ఒక రంగుకు శత్రువు, ఇంకొకదానికి వైద్యుడు. విచిత్రం కాకపోతే ఏమిటి!

నమూనా దొరికాక మిషను ఉన్నది. పెద్ద రంగుల దుకాణాలలో స్పెక్ట్రోఫోటోమీటరు అనే పరికరం పెట్టి, రంగు నుంచి తిరిగివచ్చే వెలుగును కొలిచి, ఏ వర్ణం ఎన్ని గ్రాములో లెక్క కట్టిస్తారు. మంచిదే. కాని దానికి చదునైన, శుభ్రమైన, పాలిషు చేసిన చోటు కావాలి. ట్యాంకు వంపు మీద అది తడబడుతుంది. పైగా పాత రంగులలో సీసపు క్రోమేటు వంటి ద్రవ్యాలు వాడేవారు. ఇప్పుడు కలిపేవి చాలావరకు వేరు. వేరు దినుసులతో అదే రంగు తెచ్చినప్పుడే మ్యాచింగు సెంటరు కథ మొదలవుతుంది: ఒక వెలుగులో కలిసినవి మరొక వెలుగులో విడిపోతాయి. మిషను ఇచ్చినది మొదటి మాట. చివరి మాట కన్నుదే.

ఆ కన్నుకు తీర్పు చెప్పే పద్ధతి నేర్చుకోవాలంటే అద్దకం పనివారిని అడగాలి. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. నూలుకు రంగు వేసేవారెవరూ తొట్టిలో నుంచి తీసిన తడి నూలును చూచి "సరిపోయింది" అనరు. తడిమీద రంగు ముదురుగా కనబడుతుంది. నాలుగు పోగులు ఆరబెట్టి, వెలుతురులో పాత నమూనా పక్కన పెట్టి, అప్పుడు చెబుతారు. బండి రంగుకూ అదే న్యాయం. కలిపిన రంగును డబ్బాలో చూడరాదు, కుంచెతో పూసి చూడరాదు. చిన్న రేకు ముక్క మీద, ట్యాంకుకు వేయబోయే ప్రైమరే వేసి, అదే స్ప్రే గన్నుతో కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఉదయపు వెలుగులో ఒకసారి, నీడలో ఒకసారి, దీపం కింద ఒకసారి చూడాలి. ప్రైమరు మాట ఎందుకంటే, పలచని ఎరుపు కింద బూడిదరంగు ఉంటే ఒక తీరు, ఎర్ర ఆక్సైడు ఉంటే మరొక తీరు. రేకుముక్కకు రెండు రోజులు ఖర్చవుతుందని విసుక్కునేవారు, రెండోసారి బండి గీకించడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

మెరుపు సంగతి వేరే చెప్పాలి. ఆనాటి ఎనామిలును ఫ్యాక్టరీలో కొలిమిగదుల్లో కాల్చి గట్టిపరిచేవారు. నేటి రెండు డబ్బాల రంగు గట్టిపడే మందు కలిపితే తనంత తానే బిగుస్తుంది, పైన క్లియరు పూస్తే గాజులా మెరుస్తుంది. వర్ణం సరిగ్గా కుదిరినా ఆ గాజు మెరుపు వల్ల బండి నిన్న షోరూములోనుంచి వచ్చినట్టు ఉంటుంది. ఇష్టపడేవారు ఇష్టపడవచ్చు, నాకు మాత్రం అది తాతకు మీసాలకు రంగు వేసినట్టు తోస్తుంది. బుల్లెట్టు ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో, కుంచెతో వేసేవారు. గీకకముందే పల్చని కాగితం పరిచి వాటి వెడల్పూ, వంపూ ఎత్తుకోవాలి. కుడిగీతకూ ఎడమగీతకూ వెంట్రుకవాసి తేడా ఉంటే దిద్దవద్దు. ఆ తేడా ఒక మనిషి చెయ్యి.

షెడ్డులో పనిచేసే కుర్రవాళ్ళ గురించి ఒక మాట. పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నీళ్ళు పోసి రుద్దించాలి. రెండు డబ్బాల రంగు గట్టిపడే మందులో ఐసోసైనేట్లు ఉంటాయి, ఉబ్బసం తెప్పించగలవి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే అవి ఆగవు. సరైన ముసుగు కొనివ్వడం బండి యజమాని ఖర్చులో భాగమే.

ఇక సర్కారు నిబంధన. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన బండి వింటేజి కింద నమోదు కావచ్చు, "వి.ఎ." అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు వస్తుంది. చాసిసు, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండరాదు. ఆ లెక్కన 1970 నాటి జావాకు అర్హత ఉన్నది, మొట్టమొదటి ఆర్.ఎక్స్. 100 కూడా 2035 దాకా ఆగవలసిందే. కాగితంలో ఉన్న రంగు కాక వేరే రంగు వేయిస్తే రవాణా శాఖకు తెలిపి నమోదు చేయించుకోవాలి.

ఇంత చెప్పి, అసలు వేయించకుండా ఉండడం గురించి చెప్పకపోతే లోటే. పాత రంగు ముప్పాతిక వంతు నిలిచి ఉంటే, నీళ్ళతో కడిగి, మెత్తని పాలిషు పట్టించి, తుప్పు పట్టిన చోట్లకే కొత్త రంగు అద్ది వదిలేయవచ్చు. మోకాలి రాపిడికి ట్యాంకు మీద అరిగిన చోటు ఉంటుంది. ఏళ్ళ తరబడి సంతకూ, పొలానికీ, ఆసుపత్రికీ తిరిగిన మనిషి మోకాలది. దానిని ఏ దుకాణం కలిపి ఇవ్వలేదు.

తప్పక కొట్టించవలసి వస్తే, మిగిలిన రంగును గాలి పోకుండా చిన్న సీసాలో పోయించి, ఏ వర్ణం ఎన్ని గ్రాములో రాసిన చీటీని, ఆ రేకుముక్కను కూడా బీరువాలో వేసుకోండి. రేపు మళ్ళీ గీత పడుతుంది.