లారీదీపము చెప్పు మాట

"లారీ మరమ్మతునకును గృహిణికిని ఏమి సంబంధము?" అని మా సోదరీమణులలో కొందరడుగవచ్చును. తోలువాడు డ్రైవరు, బాగుచేయువాడు మేస్త్రీ, నిజమే. కాని లారీయే జీవనాధారమైన సంసారములలో అది పది దినములు కదలక నిలిచినచో, బియ్యపుడబ్బా అడుగు చూచునది గృహిణి. నెలవాయిదా కొరకు మెడలోని గొలుసు తీసి యిచ్చునదియు గృహిణియే. కావున ఈ సంగతి మనము కొంత తెలిసికొనుట తప్పు కాదు.

గండికోట చూడవచ్చువారు జమ్మలమడుగు మీదుగా ఎఱ్ఱమల కొండలెక్కి, పెన్నానది కొండను కోసికొని పోవు గండిని, మాధవరాయస్వామి దేవళమును, మసీదును, ధాన్యపు కొట్టును చూచి సంతోషముతో మఱలుదురు. ఆ కొండ దిగువ దారులలో సున్నపురాయిని, సిమెంటును, కడపరాళ్లను మోసికొని రేయింబవళ్లు పోవు లారీలపై వారి దృష్టి నిలువదు. వానచాలని ఈ సీమలో సేద్యమును నమ్ముకొనలేక లారీని నమ్ముకొన్న కుటుంబములు పెక్కు గలవు. మా కుటుంబమును అట్టిదే.

ఒక వేసవిలో మా లారీ రాళ్లలోడుతో వచ్చుచుండగా డ్రైవరు ముందున్న పలకలో పసుపుదీపము వెలిగెను. మరమ్మతుశాలవారు యంత్రము తగిలించి చూచి, "ఇంజను వేడిని కొలుచు సెన్సారు చెడినది" అని క్రొత్తది వేసిరి. రెండు దినములకు దీపము మరల వెలిగెను. మరియొక సెన్సారు వేసిరి. మరల వెలిగెను. తుదకు వేరొక ముసలి మేస్త్రీ తీగెల కట్టను చేతితో తడిమి, ఇనుపపట్టీకి ఒరసికొని లోపల తెగిన తీగెను చూపెను. అతడు పుచ్చుకొన్నది స్వల్పము. మేము పోగొట్టుకొన్నది రెండు సెన్సారుల వెల, 11 దినముల బాడుగ.

ఈ పొరపాటెట్లు కలిగెను? పూర్వపు లారీలలో మేస్త్రీ ఇంజను చప్పుడు విని రోగము చెప్పెడివాడు. ఇప్పటి లారీలో ఈసీఎం అను చిన్న కంప్యూటరు పెట్టె గలదు. ఇంజను వేడి, నూనె ఒత్తిడి, డీజిలు ఒత్తిడి మొదలగువానిని సెన్సారులు కొలిచి దానికి తెలుపుచుండును. బండిలోని ఇట్టి పెట్టెలు తమలో తాము మాటలాడుకొనుటకు పెనవేసిన రెండు తీగెలు గలవు. ఈ పద్ధతిని జర్మనీ దేశపు బాష్ కంపెనీ 1986లో లోకమునకు వెల్లడించెను. దీనిని క్యాన్ అందురు. ఏదైన కొలత హద్దు తప్పినచో ఈసీఎం దీపము వెలిగించి, ఒక సంఖ్యను జ్ఞాపకముంచుకొనును. అదియే కోడు.

పెక్కు భారీ లారీలలో ఈ కోడునకు రెండు భాగములుండును. మొదటిది ఎస్పీఎన్, ఏ అంగమో చెప్పును. రెండవది ఎఫ్ఎంఐ, ఏ విధమైన దోషమో చెప్పును. 110 అనగా ఇంజను చల్లబరచు నీటి వేడి. 100 అనగా ఇంజను నూనె ఒత్తిడి. 110 ప్రక్కన 0 ఉన్నచో నీరు నిజముగనే మితిమీరి కాగినదని యర్థము. అదే 110 ప్రక్కన 3 ఉన్నచో సెన్సారు తీగెలో వోల్టేజి హెచ్చుగా కనబడుచున్నదని యర్థము; తీగె తెగినను ఇట్లే కనబడును. మొదటిదానికి బండి ఆపవలెను. రెండవదానికి తీగె వెదకవలెను. అంగము ఒక్కటే, రోగములు వేరు.

తెలిసిన మేస్త్రీ సెన్సారు కొనకముందే దీనిని పరీక్షించును. సెన్సారు ప్లగ్గు ఊడదీసి, తీగెల వైపు రెండు కొనలను చిన్న తీగెతో కలుపును. కోడు 3 నుండి 4కు మారినచో తీగెలు బాగున్నవి, సెన్సారే చెడినది. మారక 3గనే యున్నచో తీగెలలో నెక్కడనో తెగినది. మాకు రెండు సెన్సారుల వెల మిగుల్పగలిగిన పరీక్ష ఇదియే. దానికి పట్టు కాలము అయిదు నిమిషములు. ఇది శిక్షణ గలవాడు చేయవలసిన పని; మనము చేయరాదు, చేసితిరా యని అడుగవచ్చును.

గండికోటలో పావురాల గోపురమని యొకటి గలదు. పావురము జాబు తెచ్చునే కాని తీర్పు తేదు. కోడును అట్టిదే. అది వార్త, విచారణ పిమ్మట జరుగవలెను.

ఆ విచారణ బ్యాటరీతో ఆరంభింపవలెను. భారీ లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టుల పద్ధతిగా నుండును. ఇంజను ఆపియున్నపుడు సుమారు 25, నడుచునపుడు సుమారు 28 వోల్టులు చూపవలెను. బ్యాటరీ నీరసించినను, ఎర్తు తీగె త్రుప్పు పట్టినను, లేని రోగములకు కోడులు గుంపులుగా వచ్చును. పిమ్మట ప్లగ్గులలో దుమ్మును, ఎలుకలు కొరికిన తీగెలను చూడవలెను. క్యాన్ తీగెల రెండు కొనలయందును 120 ఓముల నిరోధకములుండును. బ్యాటరీ తీసి కొలిచినచో రెండును కలిసి 60 చూపవలెను. 120 చూపినచో ఒక కొన తెగినదని గ్రహింపవచ్చును.

మరియొక హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున బీఎస్ 6 నియమము వచ్చెను. ఈ నియమము ననుసరించిన పెక్కు భారీ లారీలలో పొగలోని విషమును తగ్గించుటకు 32.5 శాతము యూరియా గల ద్రావణమును వేరు ట్యాంకులో పోయుదురు. పొదుపునకై అందులో మామూలు నీరు కలిపినచో పెట్టె పసిగట్టి కోడు చూపును. కొంతకాలమునకు ఇంజను బలమును తానే తగ్గించును. లోడుతో కొండ యెక్కు బండికి బలము తగ్గుట యెట్టి యాపదయో చెప్పనక్కరలేదు. ఇది పొదుపు కాదు.

ఇంటనుండి మనము చేయదగినవి కొన్ని గలవు. లారీకొక పుస్తకముంచి, దీపము వెలిగిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు, లోడు, ఎండయో వానయో వ్రాయవలెను. కోడు సంఖ్యను చెరుపకముందే సెల్‌ఫోనులో ఫొటో తీయింపవలెను; చెరిపినంత మాత్రమున రోగము పోదు. సొమ్మిచ్చుటకు ముందు మూడు ప్రశ్నలడుగవలెను: కోడు ఇప్పుడున్నదా, పాతదా? తీగెను పరీక్షించితిరా? తీసిన పాత వస్తువేది? ఎఱ్ఱదీపము వెలిగినచో వెంటనే క్షేమమైన చోట బండి నాపుమని, సరకు ఆలస్యమైనను మేము కోపింపమని డ్రైవరునకు ముందే చెప్పవలెను. యజమానికి వెఱచి బండి నాపక ఇంజను కాల్చుకొన్న వారున్నారు.

ఇప్పుడు మా యింట ఉప్పుడబ్బా ప్రక్కన ఆ పుస్తకమున్నది. మొన్న మరల దీపము వెలిగినపుడు డ్రైవరు మొదట ఫోను చేసినది మాకే. "అమ్మా, 168 అని చూపుచున్నది" అనెను. పుస్తకము చూచితిమి. 168 అనగా బ్యాటరీ వోల్టేజి. "నాయనా, ముందు బ్యాటరీ కొనలు తుడిపించి బిగింపించుము" అంటిమి. నాటి సాయంకాలమే లారీ కదలెను.